ముట్టని పిట్ట

ఇంటి ముందు కాకి అరిస్తే చుట్టాలొస్తారని మనవాళ్ల నమ్మకం. ‘బలగం’లో చుట్టాలంతా వచ్చేశారు. ఏళ్ల తరబడి పుట్టింటి గడప తొక్కని ఆడబిడ్డ వచ్చింది. ఎవరి ముందూ మెడ వంచని అల్లుడు వచ్చాడు. బతుకుదెరువుకు దూరం పోయిన చిన్న కొడుకూ వచ్చాడు. రానిది కాకి ఒక్కటే. ముసలాయన కొమురయ్య పోయాడు, విస్తరిలో అన్నం పెట్టారు, ఊరంతా దూరంగా జరిగి నిలబడి చూస్తోంది, పిట్ట మాత్రం ముట్టడం లేదు. రెండు గంటల పైచిలుకు సినిమా మొత్తం ఈ ఒక్క చిక్కు చుట్టూ తిరుగుతుంది.

2023 మార్చి 3న విడుదలైన ఈ సినిమాకు దర్శకుడు వేణు యెల్దండి. సిరిసిల్ల వాడు. అంతకుముందు ప్రేక్షకులకు తెలిసింది కమెడియన్‌గానే. ‘మున్నా’లో వేసిన టిల్లు వేషం పేరే చాన్నాళ్లు ఆయనకు అంటుకుని ఉంది, తర్వాత ‘జబర్దస్త్’ స్కిట్లతో ఇంటింటికీ తెలిశాడు. అలాంటి మనిషి తొలిసారి మెగాఫోన్ పడితే జనం ఎదురుచూసేది నవ్వుల సినిమా. ఆయన తీసింది కూడా నవ్వుల సినిమానే. కాకపోతే అది చావింట్లో మొదలై, ఆ దినాలతోనే నడిచి, పదకొండో రోజున ముగుస్తుంది. ఈ సినిమా మనుషులను ఎలా ఏడిపించిందో ఇప్పటికే అందరూ రాశారు. దాని పనితనం మీద, ముఖ్యంగా కథలోని ఆ జీవిని వాడుకున్న తీరు మీద రాసింది తక్కువ.

జంతువును పెట్టి తీసే కుటుంబ సినిమాకు తెలుగులో ఒక అలవాటైన దారి ఉంది. జంతువు చేత నటింపజేయాలి, అదీ మనిషిలా. 1993లో ఎస్.వి. కృష్ణారెడ్డి ‘రాజేంద్రుడు గజేంద్రుడు’ తీసినప్పుడు లాటరీలో ఏనుగును గెలుచుకున్న కుర్రాడి తిప్పలే కథ. తినడానికి లేని ఇంట్లోకి అంత పెద్ద నోరొకటి వచ్చి చేరడమే హాస్యం, ఆ ఏనుగు మంచితనమే కథకు ప్రాణం. 2012లో రాజమౌళి ‘ఈగ’ ఆ పద్ధతిని ఇంకో అంచుకు తీసుకెళ్లింది. అక్కడ ఈగకు పగ ఉంది, ప్రేమ ఉంది, కసరత్తులు కూడా ఉన్నాయి. ఆ గ్రాఫిక్స్ పనికి జాతీయ అవార్డు వచ్చింది, అది న్యాయమే. రవిబాబు 2018లో ‘అదుగో’లో పంది పిల్లను కంప్యూటర్లో పుట్టించి పరుగులు పెట్టించాడు. వీటన్నిటిలోనూ దర్శకుడి సవాలు ఒకటే: ఈ జీవి చేత ఎంత పని చేయించగలం?

వేణు సవాలు తిరగబడి ఉంది. ఆయన కాకి చేయాల్సిన పని రాకపోవడం. వచ్చినా ముట్టకపోవడం. హిచ్‌కాక్ 1963లో ‘ది బర్డ్స్’ కోసం శిక్షణ ఇచ్చిన పక్షులను, యంత్రపు బొమ్మలను కలిపి తెర నిండా కాకులను దించాడు. అక్కడ పిట్టలు వచ్చిపడుతుంటే మనుషులు తలుపులు మూసుకుంటారు. ఇక్కడ ఒక్క పిట్ట రావాలని మనుషులు చేతులు జోడిస్తారు. తెర మీద కాకి కనిపించే సమయం చాలా తక్కువ. దానికి మాటల్లేవు, చూపులతో భావాలు పలికించే క్లోజప్ తంటా లేదు, వీరోచితమైన పనులేవీ లేవు. అయినా ఇంట్లో ఉన్న ప్రతి మనిషీ ఆ పిట్టకు జవాబుదారీ. ఈ కాకిని పుట్టించింది కెమెరా కాదు, రాత.

ఆ రాతకు బలం ఊళ్లో ముందే ఉంది. పోయినవాళ్లు కాకి రూపంలో వచ్చి పెట్టింది తిని పోతారన్న నమ్మకం తెలుగు నేల నలుమూలలా ఉన్నదే. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల వైపు దాన్ని ‘పిట్టకు పెట్టుడు’ అంటారు. పోయినాయనకు ఏది ఇష్టమో అదంతా విస్తరిలోకి వస్తుంది. అన్నం, కూర మాత్రమే అనుకునేరు. యాట మాంసం, కల్లు, మందు, బీడీ కట్ట దాకా ఉంటాయి. పెట్టినవాళ్లు వెనక్కి తగ్గి నిలబడతారు. పిట్ట వెంటనే ముడితే ఒక పెద్ద ఊపిరి. ముట్టకపోతే గొణుగుడు మొదలు. మనసుల ఏదో ఉన్నది, ఏదో కోరిక మిగిలిపోయింది. అప్పుడు కొడుకు ముందుకొచ్చి గట్టిగానే మాటిస్తాడు: చెల్లెను మంచిగ చూసుకుంటనే బాపూ, అవ్వను అరుసుకుంటనే బాపూ. పది మంది వింటుండగా, కాకిని సాక్షిగా పెట్టి. ఈ ఆచారంలోనే నాటకం ఉంది. బతికుండగా తండ్రికి చెప్పని మాటను కొడుకు చేత ఊరి నడుమ చెప్పించే ఏర్పాటు అది.

పక్షుల సంగతి తెలిసినవాళ్లను అడిగితే కాకి రాకపోవడానికి వేరే కారణం చెబుతారు. అలవాటు లేని వస్తువు, అలవాటు లేని గుంపు కనిపిస్తే కాకి అనుమానపు పక్షి. మనిషి ముఖాన్ని కూడా అది గుర్తుపెట్టుకుంటుంది. అమెరికాలోని సియాటిల్‌లో జాన్ మార్జ్‌లఫ్ అనే శాస్త్రవేత్త బృందం 2006లో గుహమానవుడి ముసుగు వేసుకుని కొన్ని కాకులను పట్టి వదిలింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ ముసుగు కంటబడితే చాలు, అక్కడి కాకులు అరిచి వెంటపడ్డాయి. అక్కడి జాతి వేరు, మన ఊరకాకి వేరు, కానీ తెలివిలో చుట్టాలే. నలభై మంది తననే గుడ్లప్పగించి చూస్తుంటే ఏ కాకైనా వెనకాముందూ ఆడుతుంది. మన పెద్దలకు ఈ సంగతి తెలియక కాదు, అందుకే గదా దూరం జరగమని కేకలేస్తారు. ‘బలగం’ ఈ రెండు వివరణల్లో దేన్నీ కొట్టేయదు. మహిమ చూపించదు, మూఢనమ్మకం అని పాఠమూ చెప్పదు. కాకి కాకిలాగే ఉంటుంది. దాని రాకపోకలకు అర్థం చెప్పుకునేది మనుషులు, ఎవరి తప్పును బట్టి వాళ్లు.

ఇంకో ముచ్చట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఊరకాకిని ఎలుకలు, చుంచులతో కలిపి చీడ జీవుల పట్టికలో పెట్టారు. 2022లో చట్టాన్ని సవరించి ఆ పట్టికనే ఎత్తేశారు, సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే మార్చి 3న కొమురయ్యగా వచ్చి వాలాల్సిన పిట్ట ఆ రోజుకు సర్కారు లెక్కలో ఇంకా చీడే. దీనికీ సినిమాకూ సంబంధం లేదు గానీ, కొమురయ్య వింటే నవ్వుకునేవాడు.

ఇక కథ అల్లిక. సినిమా కథకు గడియారం ఎక్కడి నుంచి తేవాలన్నది రాసేవాళ్లకు ఎప్పుడూ ఉండే చిక్కే. పెళ్లి ముహూర్తమో, పరీక్ష తేదీనో, విలన్ ఇచ్చిన గడువో తెచ్చిపెట్టుకుంటారు. వేణుకు ఆ అవసరం పడలేదు. మూడొద్దులు, ఐదొద్దులు, పదకొండొద్దులు, చావే తన పంచాంగం రాసుకుని వచ్చింది. మూడో రోజు పిట్ట ముట్టలేదు, అయ్యో అనుకున్నారు. ఐదో రోజూ ముట్టలేదు, అప్పుడు అనుమానాలు బయటికొచ్చాయి. పదకొండో రోజు కూడా ముట్టకపోతే? ప్రేక్షకుడికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు, తేదీలు తెలిసినవే. ఈ మూడు రోజుల మధ్య ఖాళీలే సినిమా. ఆ ఖాళీల్లో చుట్టాలు ఇల్లు విడిచి పోవడానికి వీల్లేదు. పగవాళ్లయినా సరే ఒకే అరుగు మీద కూర్చోవాలి, ఒకే బంతిలో తినాలి, ఒకే బావి దగ్గర తానం చేయాలి. ఉమ్మడి కుటుంబాలు విడిపోయాక అన్నదమ్ములను, అక్కాచెల్లెళ్లను పది రోజులు ఒకే కప్పు కింద కట్టిపడేసే శక్తి పెళ్లికి కూడా లేదు. పెళ్లికి ఫంక్షన్ హాలుకు వచ్చి భోజనం చేసి పోతారు. చావుకే అది మిగిలింది.

ఈ పంచాంగం మీద ఇంకో లెక్క అడ్డంగా పరిచాడు. మనవడు సాయిలుకు అప్పులున్నాయి. నిశ్చితార్థం దగ్గర పడింది, కట్నం చేతికొస్తే గండం గడుస్తుందని వాడి ఆశ. సరిగ్గా అప్పుడే తాత పోయాడు. ప్రియదర్శి ఆ పాత్రలో చేసిన పని చూడండి. వాడికి తాత మీద ప్రేమ లేదని చెప్పలేం, కానీ ఆ ఘడియలో వాడి కళ్లలో తిరుగుతున్నది వడ్డీ. శవం ముందు నిలబడి డబ్బు గురించి ఆలోచించే మనిషిని మనం అసహ్యించుకోవాలి గదా. నవ్వొస్తుంది. ఎందుకంటే ఆ గదిలో ఉన్న ప్రతివాడి మనసులోనూ ఏదో ఒక లెక్క నడుస్తూనే ఉందని దర్శకుడు అప్పటికే చూపించేశాడు, సాయిలు ఒక్కడికే దాచుకోవడం చేతకాలేదు. ఆ తర్వాత వాడి ఆశ మేనత్త బిడ్డ సంధ్య మీదికి మళ్లుతుంది, అందులోనూ మొదట ఉన్నది ప్రేమ కాదు, ఆస్తి. కథానాయకుడిని ఇంత చిన్నవాడిగా మొదలుపెట్టే ధైర్యం మన సినిమాల్లో అరుదు.

అసలు గొడవకు కారణమైన వస్తువును ఎంచడంలోనే వేణు పనితనం ఏ పాటిదో తెలిసిపోతుంది. పెద్ద కొడుకు ఐలయ్యకూ అల్లుడు నారాయణకూ ఇరవై ఏళ్ల పగ. భూమి తగాదా కాదు, నెత్తురు పారలేదు, కోర్టు కేసు లేదు. దావత్‌లో నల్లి బొక్క దగ్గర మొదలైన మాట అది. యాట కూరలో మూలుగ ఉన్న ఆ ఎముకకు మా వైపు ఉన్న గౌరవం తెలియని వాళ్లకు ఇది వింతగా ఉంటుంది. ఇంటల్లుడి విస్తరిలో నల్లి బొక్క పడలేదంటే అది వడ్డించినవాడి పొరపాటు కాదు, అత్తగారింటి తీర్మానం. ఇంత చిన్నదాని కోసం ఇంత పెద్ద పగ పెట్టుకోవడం చూస్తే మొదట నవ్వొస్తుంది. రెండోసారి తలుచుకుంటే మన ఇంట్లో మాటలు బంద్ అయిన చుట్టాలు గుర్తుకొస్తారు, అక్కడా కారణం ఇంతకన్నా పెద్దదేమీ కాదని తేలుతుంది. భూమి తగాదా పెట్టి ఉంటే ఎవరిది న్యాయమో తేల్చాల్సి వచ్చేది, పంచాయతీ సినిమా అయ్యేది. నల్లి బొక్కలో న్యాయం తేల్చడానికేమీ లేదు. ఇద్దరూ తప్పే, ఇద్దరిదీ పౌరుషమే. పైగా తిండి దగ్గర పుట్టిన పగకూ తిండి ముట్టని కాకికీ కథలో తీగ కలుస్తుంది. ఆ కలపడాన్ని ఎక్కడా వేలు పెట్టి చూపించలేదు, అది ఇంకా నచ్చింది.

స్కిట్ల నుంచి వచ్చిన దర్శకుడికి ఉండే పెద్ద ప్రమాదం పంచ్. ప్రతి నాలుగు మాటలకూ ఒకసారి నవ్వు రాకపోతే స్కిట్ పడిపోతుంది. ఆ తొందర ‘బలగం’లో చాలా చోట్ల కనిపించదు. ఇక్కడ హాస్యం ఒకే సమయంలో రెండు పనులు జరగడంలోంచి వస్తుంది. చావింట్లో అది సహజమే. ఆడవాళ్లు శోకాలు పెట్టి ఏడుస్తారు, ఆ శోకంలోనే దెప్పిపొడుపులుంటాయి. ఒకరు కట్టెలు చూస్తుంటారు, ఒకరు డప్పులవాళ్లతో బేరం, ఒకరు చాయ్ కోసం వంటింటి వైపు చూపు. ఏడుపు ఆపి కొత్తగా వచ్చినవాళ్లను పలకరించి మళ్లీ ఏడుపు అందుకునే వాళ్లను మనం అందరం చూశాం. వాళ్లది దొంగ ఏడుపు కాదు. దుఃఖం నిజం, మర్యాద కూడా నిజమే. వేణు ఈ రెండింటినీ ఒకే ఫ్రేములో పెట్టి పక్కకు తప్పుకున్నాడు. వేళాకోళం చేసి ఉంటే ఊరు నొచ్చుకునేది. తానూ ఆ గుంపులో చిన్న వేషం వేసి తిరగడం బహుశా అందుకు పనికొచ్చింది.

గుంపును గుంపుగానే చూపే ఈ పద్ధతికి ముఖాలు కొత్తవి కావాలి. కొమురయ్యగా కేతిరి సుధాకర్ రెడ్డి, ఐలయ్యగా కోట జయరాం, నారాయణగా మురళీధర్ గౌడ్, చిన్న కొడుకు మొగిలయ్యగా మైమ్ మధు, ఆడబిడ్డ లక్ష్మిగా రూపాలక్ష్మి. విడుదల రోజున ప్రేక్షకుల్లో చాలామందికి వీళ్ల పేర్లు తెలియవు. అదే లాభించింది. తెలిసిన క్యారెక్టర్ నటుడు శవం పక్కన కూర్చుంటే వాడి పాత సినిమాలు కూడా వచ్చి పక్కన కూర్చుంటాయి. ఇక్కడ ఆ బెడద లేదు. మురళీధర్ గౌడ్ మెడ నిలిపే తీరులోనే అల్లుడి ఇరవై ఏళ్ల అలక ఉంది. మధు పేరుకు ముందున్న మాటే చెబుతోంది, మాట లేకుండా ఒంటితో చెప్పే విద్య తెలిసినవాడు. అన్నకూ బావకూ మధ్య నలిగే తమ్ముడి పాత్రకు అంతకన్నా సరైన మనిషి దొరకడు. సుధాకర్ రెడ్డికి దక్కింది తక్కువ నిడివి. ఊళ్లో పొద్దున్నే తిరుగుతూ కనిపించిన ప్రతివాడినీ పలకరించి, గిల్లి, నవ్వించి పోయే ముసలాయన. ఆ కాసేపట్లో మనకు ఆయన మీద ఇష్టం కుదరకపోతే మిగతా సినిమా అంతా పిట్టకు పెట్టిన అన్నం చల్లారినట్టే అయ్యేది. కుదిరింది. భీమ్స్ సంగీతంలో కాసర్ల శ్యామ్ రాసిన ‘ఊరు పల్లెటూరు’ పాటను మంగ్లీ, రామ్ మిరియాల పాడుతుంటే ఊరంతా మన ముందుకొస్తుంది. ఆయన పోయాక ఆ ఊరే ఒక లోటుగా కనిపిస్తుంది.

తెలంగాణ మాట తెర మీద వినిపించడం కొత్త కాదు. 1980 నాటి ‘మా భూమి’ నుంచి ఉంది. కానీ వ్యాపార సినిమాల్లో చాలా కాలం ఆ మాటను రౌడీకో, పనిమనిషికో, కమెడియన్‌కో ఇచ్చారు, హీరోకు మాత్రం పుస్తకాల భాష. ‘ఫిదా’, ‘మల్లేశం’ లాంటివి వచ్చాక పరిస్థితి మారింది. ‘బలగం’లో అందరూ అదే మాట్లాడతారు. ముసలివాడూ, కుర్రవాడూ, కలిగిన అల్లుడూ, చదువుకున్న పిల్లా. కాబట్టి యాసకు నవ్వాల్సిన పని ప్రేక్షకుడికి లేకుండా పోయింది, మనిషికే నవ్వాలి. అదీ హైదరాబాద్ కలగూర తెలంగాణం కాదు, పాత కరీంనగర్ జిల్లా మాట. తండ్రిని ‘బాపు’ అనే నేల. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టే దాకా సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల మూడూ ఆ ఒక్క జిల్లా కిందే ఉండేవి. రాజన్న సిరిసిల్ల జిల్లా కోనరావుపేట ప్రాంతంలో సినిమా తీయడం వల్ల ఆ ఇళ్లూ, ఆ గల్లీలూ, ఆ మాటా ఒకదానికొకటి అతికాయి. సెట్ వేసి ఉంటే అరుగు ఎత్తు దగ్గరే దొరికిపోయేవారు.

ఈ మూడు ఊళ్ల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ‘బలగం’ ఎక్కువ గాఢంగా తగిలింది ఇటువైపే. సిరిసిల్ల అంటే సాంచెల (మరమగ్గాల) చప్పుడు, బతుకమ్మ చీరలు నేసిన ఊరు. పని దొరక్క భీవండికీ సూరత్‌కూ పోయిన పద్మశాలీల కుటుంబాలు అక్కడ ఎన్నో. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు మగవాళ్లు దుబాయికీ మస్కట్‌కూ పోతారు, ఆడవాళ్లు బీడీలు చేస్తారు. అంటే ఇక్కడ కుటుంబం అన్నది పంచాయతీల వల్ల మాత్రమే విడిపోలేదు, కడుపు కోసం కూడా విడిపోయింది. తండ్రి పోతే ఎడారిలో ఉన్న కొడుకు ఫోన్ తెర మీద చితి చూసిన ఇళ్లు ఉన్నాయి. అలాంటి చోట పదకొండు రోజులు అందరూ ఒకచోట ఉండటం అంటేనే భాగ్యం. సినిమాలో వాళ్లు ఆ భాగ్యాన్ని పౌరుషాలతో తగలబెడుతుంటే ఇక్కడి ప్రేక్షకుడికి కలిగే చికాకు వేరు. హైదరాబాద్ మల్టీప్లెక్సులో కూర్చున్నవాడికి అది అర్థమవుతుంది గానీ అంటుకోదు.

మెచ్చుకోలు వ్యాసమని లోపాలు మింగేయనక్కర్లేదు. పిట్ట ముట్టకపోతే ఊరంతటికీ అరిష్టమని పెద్దమనుషులు ఒత్తిడి తెచ్చే భాగం నాకు కొంత గుచ్చింది. ఇంట్లో ఉన్న చిక్కు అప్పటికే చాలినంత ఉంది, బయటి బెదిరింపు తోడవడంతో అది కాస్త పలచబడింది. సాయిలు ఆస్తి మీద ఆశ పెట్టుకున్నవాడి నుంచి తాత మనసు తెలుసుకున్నవాడిగా మారే మలుపు తొందరగా జరిగిపోతుంది, కావ్యా కళ్యాణ్‌రామ్ పోషించిన సంధ్యకు ఆ మలుపులో తన మాట అంటూ పెద్దగా లేదు. అన్నిటికన్నా లక్ష్మి. పౌరుషం అన్నదీ మొగుడిదీ, ఇరవై ఏళ్లు పుట్టిల్లు పోగొట్టుకున్నది మాత్రం ఆమె. నల్లి బొక్క ఎవరి విస్తరిలో పడినా ఆమెకు ఒరిగేదేమీ లేదు. ఆ కోపం ఆమె చేత ఒక్కసారైనా ఇద్దరి మీదా పడనిచ్చి ఉంటే కథ ఇంకో మెట్టు ఎక్కేది. రాతలో తగ్గిన దాన్ని రూపాలక్ష్మి ఏడుపు ఆపుకునే ముఖంతో పూడ్చింది. ఫిల్మ్‌ఫేర్ ఆమెకు సహాయ నటి అవార్డు ఇవ్వడంలో ఆశ్చర్యం లేదు.

సినిమా ఇళ్లకు చేరిన తీరు కూడా దాని నిర్మాణంలోంచే వచ్చింది. మూడు వారాలకే ఓటీటీలోకి వచ్చేసినా, ఆ ఏప్రిల్‌లో తెలంగాణ పల్లెల్లో జనం దాన్ని విడివిడిగా ఫోన్లలో చూసి ఊరుకోలేదు. పంచాయతీ ఆఫీసు ముందో, బడి మైదానంలోనో పెద్ద తెరలు కట్టి ఊరంతా కూర్చుని చూశారు. ఉచిత ప్రదర్శనల మీద నిర్మాతలు పోలీసులకు ఫిర్యాదు చేశారన్న వార్తలూ వచ్చాయి, వాళ్ల బాధ వాళ్లది. గుంపుగా చూడటానికే కట్టినట్టుంది ఈ సినిమా. గుంపు ఫ్రేములు, ఒకరి మీద ఒకరు పడే మాటలు, అందరికీ తెలిసిన తేదీలు. మాట్లాడుకోని అన్నదమ్ములిద్దరూ ఒకే తెర ముందు, చెరో మూల కూర్చుని చూడాల్సి రావడం ఏ థియేటర్లోనూ దొరకని సన్నివేశం. అలా చూశాక కలిసిపోయిన వాళ్ల కథలు పత్రికల్లో వచ్చాయి. ఎందరు కలిశారో, ఎన్నాళ్లు కలిసి ఉన్నారో నేను లెక్క పెట్టబోను. పక్కన కూర్చుంటే చాలదా అనుకునేంత కరవు ఉందని మాత్రం ఆ కథలు చెబుతున్నాయి.

ఇన్ని మెలికలు వేశాక ముడి విప్పడం ఎలా? మామూలుగా అయితే ఇక్కడ ఒక పెద్దాయన లేచి ఉపన్యాసం చెబుతాడు, లేదా కథానాయకుడు. ఐలయ్య వినడు, నారాయణ అసలే వినడు. చుట్టాల్లో ఎవరు నోరు తెరిచినా ‘నువ్వెవరివి చెప్పడానికి’ అన్న ప్రశ్న సిద్ధంగా ఉంటుంది. వేణు చేసిన పని, ఆ మాట చెప్పే హక్కు ఎవరికుందో ఊరినే అడగడం. పదకొండో రోజు బుడగ జంగాల కళాకారులు వచ్చి పోయినాయన మీద కథ పాడటం ఈ నేల మీద ఉన్న పద్ధతి. వాళ్లు ఇంటివాళ్ల పేర్లు, వరుసలు, సంగతులు తెలుసుకుని అప్పటికప్పుడు పాటలోకి తెచ్చేస్తారు. పోయినవాడి గొంతుతో పాడతారు. పాటలో పేరు పెట్టి కొడుకును మందలిస్తే కొడుకు లేచి ఎదురు చెప్పలేడు, ఎందుకంటే ఆ మాట పాటగాడిది కాదు, బాపుది.

ఆ సన్నివేశానికి సినిమా గాయకులను కాదు, నిజంగా చావిళ్ల ముందు పాడి బతికిన దంపతులను తెచ్చారు. వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ. ఆయన అందుకుంటాడు, ఆమె వంత పలుకుతుంది, మధ్యలో అడుగుతుంది, ఆయన చెబుతాడు. స్టూడియోలో గొంతు సాపు చేసుకున్న గాయకుడు పాడి ఉంటే మనం పాట విని బాగుందనుకునేవాళ్లం. వీళ్లు పాడుతుంటే వినాల్సింది మనమని తెలుస్తుంది. అంతసేపూ దర్శకుడు కెమెరాను వింటున్న ముఖాల మీద ఉంచి, మెడలు ఒక్కొక్కటే వంగడం చూపించాడు. మురళీధర్ గౌడ్ మెడతో సహా. కాకిని రప్పించడానికి ఇంట్లోవాళ్లు చేసిన ప్రయత్నాలన్నీ విస్తరిలో ఏం పెట్టాలన్న దాని మీద నడిచాయి. పాట వచ్చి ఆ చూపును విస్తరి మీది నుంచి ఎదుటి మనిషి మీదికి మళ్లించింది. ఆ తర్వాత పిట్టకు ఇక అడ్డేమీ లేదు.

పస్తం మొగిలయ్య 2024 డిసెంబరులో కిడ్నీ జబ్బుతో పోయాడు. 2025 ఆగస్టులో ప్రకటించిన 71వ జాతీయ చలనచిత్ర అవార్డుల్లో ‘ఊరు పల్లెటూరు’కు గాను కాసర్ల శ్యామ్‌కు ఉత్తమ గీత రచయితగా అవార్డు వచ్చింది. తగిన పాటకే దక్కింది, అందులో తగాదా లేదు. ఆ చివరి కథాగానాన్ని మాత్రం ఏ పాటల విభాగంలో వెతికినా చోటు సరిపోదు. సినిమా మొత్తంలో ఎవరూ ఎవరితోనూ అనలేకపోయిన మాటలన్నీ అందులోనే ఉన్నాయి. అవార్డు ఇవ్వాల్సి వస్తే నేనైతే దానికి సంభాషణల కింద ఇస్తాను.